మొరేనా సరస్సు ఒడ్డున అత్తయ్యతో

ఏప్రిల్‌లో పిల్లల సెలవులకి ఆర్వీ అద్దెకి తీసుకుని లేక్ మొరేనా కౌంటీ పార్కుకి వెళ్లాం. మేముండే శాన్‌డియాగో నుంచి ఐ-8 మీద తూర్పుగా సుమారు గంట ప్రయాణం. ఓక్ చెట్ల నీడ, కొండల మధ్య సరస్సు, ఆర్వీకి కరెంటు, నీళ్ల కనెక్షన్. దాదాపు 3,000 అడుగుల ఎత్తు కాబట్టి రాత్రిళ్లు చలి. పులిహోర, ఆవకాయ, కుక్కర్, దుప్పట్లు అన్నీ సర్దాను. అనంతపురం నుంచి వచ్చిన అత్తయ్య పాస్‌పోర్టు మాత్రం బీరువాలోనే మర్చిపోయాను.

సాయంత్రం టీ పెడుతుంటే గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. మెక్సికో సరిహద్దు దగ్గర్లోనే ఉంది. మనం సరిహద్దు దాటకపోయినా, తిరుగు దారిలో పైన్ వ్యాలీ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులో ఆపి అడగొచ్చు. అత్తయ్యది విజిటర్ వీసా.

"నేనేం తప్పు చేసినానమ్మా, నన్నెందుకు అడుగుతారు?" అన్నారావిడ. పదేళ్లుగా కాగితాలు మోస్తున్న నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

అదృష్టవశాత్తూ మర్నాడు రావాల్సిన స్నేహితుల దగ్గర మా ఇంటి తాళంచెవి ఉంది. పాస్‌పోర్టు వాళ్లే తెస్తామన్నారు.

ఆ రాత్రి అత్తయ్యకి ఈ సరస్సు కథ చెప్పాను. దీన్ని నింపితే 10,000 డాలర్లిస్తామని 1915 చివర్లో శాన్‌డియాగో నగర పెద్దలు చార్లెస్ హాట్‌ఫీల్డ్ అనే వానలు కురిపించే ఆయనతో మాట అనుకున్నారు. 1916 జనవరిలో ఆయన ఇక్కడే మంచె కట్టి రసాయనాలు పెట్టాడు. కుండపోత వాన! సరస్సు నిండింది, కానీ వరదకి లోయర్ ఓటే ఆనకట్ట తెగి ప్రాణాలు పోయాయి. నగరం ఆయనకి పైసా ఇవ్వలేదు.

"మా తావ వచ్చుంటే దుడ్లు ముందే ఇచ్చుందురు," అన్నారు అత్తయ్య.

పొద్దున్నే వీపున సంచులతో నడిచేవాళ్లు కనిపించారు. సరిహద్దు పక్కన కాంపో దగ్గర మొదలయ్యే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ 20 మైళ్లకి ఈ పార్కులోకి వస్తుంది. కెనడా దాకా 2,650 మైళ్లు. ఇరవై ఏళ్లమ్మాయి ఒంటరిగా వెళ్తుంటే అత్తయ్య ఆపి పులిహోర పెట్టారు. "ఈ పిల్లని ఎవురూ కాగితాలు అడగరా?" అని నన్నడిగారు.

తిరుగు దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆఫీసర్ అడగకముందే అత్తయ్య పాస్‌పోర్టు చాచారు. ఆయన చూసి, నవ్వి పంపించాడు.

తప్పకుండా వెళ్లండి, చాలా అందమైన చోటు. అయితే సిటిజన్లు కాని, 18 నిండిన ప్రతి ఒక్కరూ గ్రీన్ కార్డు గానీ ఐ-94 గానీ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని ఇక్కడి చట్టం. అమ్మానాన్నలు, అత్తమామలు వెంట ఉంటే వాళ్లవి ముందు సర్దండి, ఆవకాయ తర్వాత.

ఇప్పుడు అత్తయ్య పక్కవీధి ఇండియన్ స్టోర్‌కి బయల్దేరినా, చేతిసంచిలో పాస్‌పోర్టు ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుంటారు.