ఉల్లిపాయ ఎంత ఒంటపడుతుంది?

ఉల్లిపాయ ఎండుతొక్క తీశాక, దాని కింది మొదటి పొర కాస్త గట్టిగా ఉంటుందని చాలామంది అది కూడా వలిచి పారేస్తారు. నేను పారెయ్యను. క్వెర్సెటిన్ అనే ఫ్లావనాయిడ్ ఉల్లిలో లోపలి పొరల కంటే పై పొరల్లోనే ఎక్కువ. మొక్కలు తమ అవసరానికి తయారుచేసుకునే ఈ ఫ్లావనాయిడ్లు టీలో, ఆపిల్‌లో, బత్తాయిలో కూడా ఉంటాయి. అవి ఒంటికి మంచివని రాసేవాళ్లకు కొదవ లేదు. తిన్నదాంట్లో ఎంత ఒంటపడుతుందో రాసేవాళ్లే తక్కువ.

డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పే రోజుల్లో ఈ పాఠాన్ని నేను నెదర్లాండ్స్‌తో మొదలుపెట్టేదాన్ని. అక్కడి పీటర్ హోల్‌మన్ బృందం 1995లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఆపరేషన్‌తో పెద్దపేగు తీసేసిన 9 మందిని ఎంచుకున్నారు. వాళ్లకు చిన్నపేగు చివర పొట్ట మీద బిగించిన సంచిలోకి తెరుచుకుంటుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా ఫ్లావనాయిడ్లను ముక్కలు చేసేస్తుంది కాబట్టి మామూలు మనుషుల్లో లెక్క తేలదు. వీళ్లలో అయితే తిన్నదాంట్లోంచి సంచిలోకి వచ్చింది తీసేస్తే చాలు. ఉల్లిపాయల్లోని క్వెర్సెటిన్‌లో 52 శాతాన్ని పేగు పీల్చుకుంది. చక్కెర ఏదీ అంటని శుద్ధ క్వెర్సెటిన్ ఇస్తే 24 శాతమే. రూటిన్ అనే రూపంలో ఇస్తే 17.

అప్పటిదాకా ఉన్న నమ్మకం దీనికి తలకిందులు. చక్కెర అంటుకున్న ఫ్లావనాయిడ్ పేగు కణంలోకి దూరలేదని, ఆ చక్కెరను ఊడగొట్టేది పెద్దపేగు బ్యాక్టీరియానే అని అనుకునేవారు.

మరి ఉల్లి ఎలా నెగ్గింది? అందులో క్వెర్సెటిన్‌కి అంటుకుని ఉండేది గ్లూకోజ్. చిన్నపేగు లోపొర కణాల అంచున లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పాలలోని చక్కెరను అరిగించేది ఇదే. వయసుతో ఇది తగ్గిపోయే చాలామందికి పాలు పడవు. ఫ్లావనాయిడ్‌కి అంటిన గ్లూకోజ్‌ను కూడా ఇదే కోస్తుందని 2000లో గొర్రె పేగు నుంచి తీసిన ఎంజైమ్‌తో పరిశోధకులు చూపించారు. గ్లూకోజ్ ఊడగానే క్వెర్సెటిన్ పక్కనే ఉన్న కణంలోకి జారుకుంటుంది. కణం లోపల కూడా ఇలాంటి పని చేసే మరో ఎంజైమ్ ఉంది.

టీలోనూ ఉండే రూటిన్ సంగతి వేరు. దానికి గ్లూకోజ్ మీద రామ్నోజ్ అనే ఇంకో చక్కెర తగిలి ఉంటుంది. దాన్ని కోసే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. పెద్దపేగు దాకా వెళ్లి బ్యాక్టీరియా చేతికి చిక్కాల్సిందే. 1997లో అదే బృందం రక్తం తీసి చూసింది. ఉల్లి తిన్నాక క్వెర్సెటిన్ ముప్పావుగంట లోపే గరిష్ఠానికి చేరితే, రూటిన్ తీసుకున్నాక 9 గంటలు పట్టింది. బత్తాయి, నారింజల్లోని హెస్పెరిడిన్‌దీ ఈ చుట్టుదారే.

కణంలోకి చేరితే రక్తంలో పడ్డట్టు కాదు. పేగు కణానికి క్వెర్సెటిన్ పరాయి సరుకే. దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేటునో తగిలించి కొంత రక్తం వైపు, కొంత తిరిగి పేగులోకే తోసేస్తుంది. ఇందుకోసం కణం గోడలో పంపులే ఉన్నాయి. రక్తం వైపు వెళ్లింది కాలేయంలో మళ్లీ మారుతుంది. చివరికి రక్తంలో తిరిగేవి దాదాపుగా ఈ మారిన రూపాలే. శుద్ధ క్వెర్సెటిన్‌ను ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల మీద పోసి, ‘ఉల్లితో క్యాన్సర్ మాయం’ అని శీర్షిక పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట అందుకే.

ఆ మధ్య మా మరిది క్వెర్సెటిన్ మాత్రల సీసా తెచ్చి, "ఒక్క మాత్రలో 500 మిల్లీగ్రాములు వదినా, ఇక ఉల్లిపాయలతో పనేముంది?" అన్నాడు. అది నోట్లో పడేదాని లెక్క నాయనా, ఒంటపడేదాని లెక్క కాదన్నాను.

ఉల్లిని ఉడికిస్తే క్వెర్సెటిన్ కొంత నీళ్లలోకి దిగుతుంది. పులుసు పెట్టుకునే మనకు ఆ బెంగ లేదు, ఆ నీళ్లూ అన్నంలోకే వస్తాయి. ఉడికించి వార్చేస్తేనే నష్టం. మాత్రల మీదే మనసుంటే, రోజూ వేరే మందులు వాడేవాళ్లు ఆ సీసా ముందు డాక్టరుకు చూపించండి. ఫ్లావనాయిడ్లను మార్చి బయటికి తోసే ఆ ఎంజైములూ పంపులే చాలా మందుల పని కూడా పడతాయి.