పని భంగిమ – శ్రామికుని ఆరోగ్యం

కర్మాగారంలో ప్రమాదమనగానే తెగిన వ్రేలో, కాలిన చేయో మన కన్నుల ముందు మెదలుతుంది. కాని రక్తం చిందకుండా, చప్పుడు లేకుండా ఏండ్ల తరబడి దేహాన్ని కృంగదీసే ప్రమాదం మరొకటి కలదు. అది పనిచేసే భంగిమ వలన కలిగే హాని.

రోగిని పరీక్షించే వైద్యుడు అతని వృత్తి యేమిటో కూడ విచారింపవలెనని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లో ప్రకటించిన తన గ్రంథంలో సూచించాడు. నేటి శ్రామికుల విషయంలో ఆ ప్రశ్న మరింత అవసరం.

1913లో హెన్రీ ఫోర్డ్ అమెరికాలోని హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైనును ప్రవేశపెట్టాడు. అంతకు ముందు పన్నెండు గంటలకు పైగా పట్టిన కారు చట్రం కూర్పు 1914 నాటికి సుమారు 93 నిమిషాలలో పూర్తి కాసాగింది. శ్రామికుడు వస్తువు వద్దకు పోనక్కరలేదు. వస్తువే అతని వద్దకు వస్తుంది. ఉత్పత్తి పెరిగింది; శ్రామికుని కదలిక మాత్రం కుదించుకుపోయింది. 2015లో మన శ్రీసిటీలో ప్రారంభమైన మొబైల్ ఫోన్ల కూర్పు కూడ ఈ పద్ధతికి చెందినదే.

అరనిమిషానికొక మర బిగించే వ్యక్తి ఎనిమిది గంటలలో 960 సార్లు ఒకే కదలికను చేస్తాడు. బరువు స్వల్పమే. అయినను మెడ వంచి, భుజాలెత్తి కదలక ఉన్నపుడు బిగిసిన కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కివేస్తుంది. రక్తప్రసారం తగ్గి కండరం అలసిపోతుంది. మణికట్టులోని ఇరుకైన మార్గం గుండా తొమ్మిది స్నాయువులు, ఒక నాడి పోతాయి. మణికట్టు వంచి పదే పదే పనిచేస్తే ఆ నాడి ఒత్తిడికి లోనై బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కుతాయి. రాత్రివేళ ఈ బాధ నిద్రను చెరుపుతుంది. దీనిని సోమరితనమని భావించుట అన్యాయం.

నివారణ కష్టసాధ్యం కాదు. సూక్ష్మమైన పనికి బల్ల మోచేతి కంటె కొంచెం ఎత్తుగాను, బరువైన పనికి మోచేతి కంటె దిగువగాను ఉండవలె. పనిముట్లు చేతికందే దూరంలో ఉండవలె. పనులను మార్చి మార్చి అప్పగించి, నడుమ స్వల్ప విరామాలివ్వవలె. నిలబడి పనిచేయువారికి అవకాశమున్నపుడు కూర్చుండుటకు ఆసనాలుండవలెనని మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనులోనే విధించారు.

మనిషిని యంత్రానికి తగినట్లు వంచుట కాదు, పనిని మనిషికి తగినట్లు మలచుటయే ఈ శాస్త్ర సారాంశం. విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లుగా, సూపర్‌వైజర్లుగా కర్మాగారాలలో అడుగిడుతారు. ఉత్పత్తి లెక్కలు చూచుటకు ముందు శ్రామికుని మెడ ఎటు వంగియున్నదో ఒక్కసారి చూడండి.