ఒక చెవికి తగ్గిన శబ్దం: లోపం బడ్‌లోనా, ఫోన్‌లోనా, చెవిలోనా?

వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొన్న కొన్ని నెలలకే ఒక బడ్ శబ్దం రెండోదానికంటే తగ్గినట్లు వినిపించడం వాడకందారులలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. దీనికి కారణం బడ్‌లోనో, ఫోన్‌లోనో, ఆ రెండింటిని కలిపే బ్లూటూత్‌లోనో, వినేవారి చెవిలోనో, ఒక్కోసారి పాట రికార్డింగులోనో ఉండవచ్చు కాబట్టి, మరమ్మతుకు ముందు లోపం ఏ చోట ఉన్నదో తేల్చుకోవడమే అసలు పని. అది తేలకుండా కొత్త జత కొన్నా, కారణం ఫోన్‌లోనో చెవిలోనో ఉంటే ఇబ్బంది అలాగే మిగులుతుంది.

రెండు చెవులకూ అందే శబ్దంలో చిన్న తేడాను సైతం మెదడు పట్టేస్తుంది. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో మనిషి ఎలా గుర్తిస్తాడో వివరిస్తూ బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం, తక్కువ పౌనఃపున్యం గల శబ్దాల విషయంలో అవి రెండు చెవులను చేరే సమయంలోని తేడా, ఎక్కువ పౌనఃపున్యం గల వాటి విషయంలో తీవ్రతలోని తేడా దిక్కును సూచిస్తాయి. శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణమైన డెసిబెల్ లెక్కన ఒకటి రెండు డెసిబెల్‌ల తేడా వచ్చినా, నెత్తి నడుమ వినిపించవలసిన గాయకుడి గొంతు ఒక పక్కకు జరిగినట్లు తోస్తుంది. అందుకే తయారీదారులు రెండు బడ్‌లలోని స్పీకర్లు ఒకే స్థాయిలో మోగేలా ముందే కొలిచి జతచేస్తారు. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో 2023 మే నెలలో ఫాక్స్‌కాన్ శంకుస్థాపన చేసిన కర్మాగారంలో ఎయిర్‌పాడ్స్ తయారీ 2025లో మొదలవడంతో, ఇటువంటి సున్నితమైన పని ఇప్పుడు తెలంగాణలోనూ జరుగుతున్నది.

లోపం చోటును కనిపెట్టే మొదటి పరీక్ష బడ్‌లను తారుమారు చేయడం. ఎడమ బడ్‌ను కుడి చెవికి, కుడి బడ్‌ను ఎడమ చెవికి ఆనించి అదే పాట విన్నప్పుడు, తగ్గుదల బడ్‌తో పాటు రెండో చెవికి మారితే లోపం చెవిలో లేదని, మారకుండా అదే చెవిలో నిలిచిపోతే బడ్‌కు సంబంధం లేదని అర్థమవుతుంది. తరువాత మరో ఫోన్‌కు జతచేసి వింటే లోపం ఫోన్‌దా, బడ్‌దా అన్నది తేలుతుంది. కొన్ని పాత స్టీరియో రికార్డింగులలో వాద్యాలను ఒక పక్కకే కేటాయించారు కనుక, రెండు వైపులా ఒకే శబ్దాన్ని పంపే మోనో ఆడియో సదుపాయాన్ని ఫోన్‌లో ఆన్ చేసి పరీక్షించడం మంచిది.

లోపం బడ్‌దేనని తేలినప్పుడు మొదట అనుమానించవలసింది చెవి గుబిలిని. శబ్దం బయటికి వచ్చే చోట మెష్ అనే సన్నని వల ఉంటుంది. గుబిలి, చెమట, ధూళి కలిసి దాని రంధ్రాలను మూసివేస్తే స్పీకర్ బాగానే పనిచేస్తున్నా శబ్దం తగ్గిపోతుంది. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటే నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలలోనూ, స్వాతి నక్షత్రం నాడు యాదగిరిగుట్ట చుట్టూ గిరిప్రదక్షిణ చేస్తూ భక్తిగీతాలు వినేవారిలోనూ ఈ మూడూ ఒకేచోట చేరడం సహజం. సిలికాన్ టిప్‌లను విడదీసి నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, బడ్‌ను మాత్రం మెష్ నేలవైపు ఉండేలా పట్టుకుని పొడి మెత్తని బ్రష్‌తో తుడిస్తే, రాలిన మురికి లోపలికి పోకుండా కింద పడుతుంది. సూదితో పొడవడం, నీళ్లలో ముంచడం, నోటితో గట్టిగా ఊదడం వల్ల మెష్ చిరగడమో, తేమ లోపలికి చేరడమో జరుగుతుంది. గాలి ఒత్తిడిని సమం చేయడానికి బడ్ పైభాగంలో ఉంచే సన్నని రంధ్రం పూడినా శబ్దం, ముఖ్యంగా బేస్, మారిపోతుంది. టిప్ సైజు చెవికి సరిపోక సందు మిగిలినా బేస్ బయటికి పోయి, ఆ వైపు శబ్దం పలచబడినట్లు ఉంటుంది కనుక రెండు చెవులకు వేర్వేరు సైజులు వాడవలసి రావచ్చు.

శుభ్రం చేసినా తేడా పోకపోతే ఫోన్ సెట్టింగులు చూడాలి. ఐఫోన్‌లోనూ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్‌లలోనూ యాక్సెసిబిలిటీ విభాగంలో ఎడమ కుడి శబ్దాల నిష్పత్తిని మార్చే బ్యాలెన్స్ గీత ఉంటుంది. తెలియకుండా వేలు తగిలి అది ఒక పక్కకు జరిగి ఉంటే నడుమకు తేవాలి. అదీ సరిగా ఉంటే అనుసంధానాన్ని తిరగదోడాలి: ఫోన్‌లోని బ్లూటూత్ జాబితా నుంచి బడ్‌లను తొలగించి, తయారీదారు చెప్పిన పద్ధతిలో రీసెట్ చేసి, రెండింటినీ కేస్‌లో పెట్టి పూర్తిగా చార్జ్ చేసిన తరువాత మళ్లీ జతచేయాలి. పాత పద్ధతి బడ్‌లలో చాలావాటిలో ఫోన్ ముందుగా ఒక బడ్‌తోనే మాట్లాడి, అది రెండోదానికి సమాచారం అందించేది కాబట్టి, రెండింటి మధ్య పొత్తు చెడినప్పుడు ఈ చర్య పనిచేస్తుంది, బ్లూటూత్ 5.2తో మొదలైన ఎల్‌ఈ ఆడియోలో ఫోన్ రెండు బడ్‌లకూ విడివిడిగా శబ్దాన్ని పంపగలదు.

ఇవేవీ ఫలించకపోతే స్పీకర్‌లోనో, బ్యాటరీలోనో లోపం ఉన్నట్లే. జిగురుతో అతికించి మూసిన బడ్‌లను విప్పి మళ్లీ మూయడం కష్టం కాబట్టి మామూలు సెల్ రిపేరు దుకాణంలో ప్రయోగాలు చేయించకుండా, వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించి, ఒక్క బడ్‌నే మార్చే వీలుందేమో అడగడం మేలు. ఎండలో నిలిపిన బైకు సీటు కింద కేస్‌ను వదిలేస్తే లిథియం బ్యాటరీ జీవితం తగ్గుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

బడ్‌లను తారుమారు చేసినా ఒకే చెవికి శబ్దం తక్కువగా వినిపిస్తే అది పరికరం సంగతి కాదు. గుబిలి గట్టిపడి చెవి దారిని మూసివేయడం ఇందులో తేలికైన కారణం. దాన్ని కాటన్ బడ్‌తో తీయబోతే మరింత లోపలికి పోతుంది కనుక వైద్యుడి చేత తీయించుకోవాలి. ఒక చెవి వినికిడి హఠాత్తుగా తగ్గినా, చెవిలో హోరు, తల తిరగడం తోడైనా రోజులు గడపకుండా వెంటనే చెవి ముక్కు గొంతు నిపుణుడిని కలవాలి, ఎందుకంటే లోచెవికి సంబంధించిన హఠాత్ వినికిడి లోపానికి చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత ఫలితం ఉంటుంది. యాదగిరిగుట్ట ప్రాంతం వారికి సొంత జిల్లాలోనే బీబీనగర్ ఎయిమ్స్, హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి.

కారణం ఏదైనా, ఎవరూ చేయకూడనిది మాత్రం తగ్గిన వైపు కోసం మొత్తం వాల్యూమ్ పెంచుకోవడం, ఎందుకంటే ఆ పెంపు బాగున్న చెవి మీద పడుతుంది. వారానికి 80 డెసిబెల్‌ల శబ్దాన్ని 40 గంటల వరకు వినడం సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ప్రతి మూడు డెసిబెల్‌ల పెంపుకు ఆ వ్యవధి సగానికి తగ్గుతూ, 90 డెసిబెల్‌ల వద్ద వారానికి నాలుగు గంటలే మిగులుతుంది. అందువల్ల లోపం సరిచేసే వరకు తప్పనిసరిగా వినవలసివస్తే, బ్యాలెన్స్ గీతతో ఎక్కువ మోగుతున్న వైపును తగ్గించి సమం చేసుకోవడమే చెవికి క్షేమం.