చెట్టుపనికి తగిన తాడు, తగిన ముడి

తుఫానుల కాలమునకు ముందే ఇంటిమీదికి, పశువుల పాకమీదికి వంగిన చింత, మామిడి కొమ్మలను నరికించుట మంచి అలవాటు. కాని గొడ్డలి పదును చూచుకొన్నంత శ్రద్ధగా తాడు ముడిని చూచుకొనువారు తక్కువ. ముడి జారినచో కొమ్మ పాకమీద పడును. లేదా మనిషే నేలమీద పడును.

మనకు అలవాటైన ముడులు రెండు. జారుముడి బరువు పడినకొలది బిగియును. దానిని నడుముకు వేసికొని జారిపడినవానికి ఊపిరాడదు. పీటముడి జారదుగాని, బరువు మోసిన పిదప విప్పుటకు రాదు.

జారక, బిగియక, పని తీరిన తరువాత తేలికగా విడిపోవు ఉచ్చు వేరొకటి కలదు. తాడు కొసనుండి రెండు మూరల దూరమున, కొసవైపు తాడు పైకి వచ్చునట్లు చిన్న కన్ను వేయండి. కొసను ఆ కన్నులోనికి అడుగునుండి దూర్చి, పెద్ద తాడు వెనుకగా త్రిప్పి, మరల అదే కన్నులోనికి పైనుండి దింపి బిగించండి. జానెడు కొస మిగిల్చి, దానిని ఉచ్చు ప్రక్కతాడుకు మరొక ముడి వేయవలెను. పనిముట్లను పైకి పంపుటకు, తాడును మానుకు కట్టుటకు ఇది శ్రేష్ఠము. అయితే ఏ ముడి వేసినను, ఒట్టి తాడు నడుముకు కట్టుకొని పనిచేయుట క్షేమము కాదు. భుజములకు, తొడలకు పట్టీలున్న సేఫ్టీ బెల్టు వాడవలెను.

కొమ్మను దించుటకు కొమ్మచుట్టూ తాడు ఒక చుట్టు త్రిప్పి, దానిని అడ్డముగా దాటించి రెండవ చుట్టు వేసి, కొసను ఈ రెండవ చుట్టు క్రిందుగా దూర్చి లాగండి. ఆ కొసతో పెద్ద తాడుకు రెండు ముడులు వేయండి. తాడును పైనున్న బలమైన పంగ మీదుగా దింపి, మాను మొదట రెండు మూడు చుట్లు చుట్టినచో, ఆ రాపిడియే బరువును ఆపును. క్రిందివాడు నెమ్మదిగా వదలవచ్చును. తాడును చేతికి చుట్టుకొనరాదు. కొమ్మక్రింద ఎవరును నిలువరాదు.

ముడిపడినచోట తాడు బలము మూడవవంతు, ఒక్కొక్కప్పుడు సగము తగ్గును. కావున పాత పలుపులు, చేంతాళ్లు ఈ పనికి తగవు. కొబ్బరి తాడు పురులు విప్పి, లోపల పొడి రాలుచున్నదేమో చూడండి. నైలాను తాడు నునుపు; దానికి కొస మరింత పొడుగు విడువవలెను. ఎండలో పడియున్న నైలాను తాడును నమ్మరాదు.

కరెంటు తీగల దగ్గరి కొమ్మలను విద్యుత్ సిబ్బంది వచ్చి సరఫరా నిలిపిన పిదపనే ముట్టవలెను. గ్రామోద్యోగులు ఈ విషయము ఊరిలో చాటించుట మంచిది.

ఈ ముడులను ముందుగా పాక గుంజకు కట్టి, కన్ను మూసికొని వేయగలిగినంతవరకు అభ్యసించండి. నేలమీద తప్పిన ముడిని విప్పి మరల వేయవచ్చును. చెట్టుమీద తప్పినచో ఆ అవకాశముండదు.