సామెతల చాటున సాగే హింస

అరిటాకు వచ్చి ముల్లు మీద పడినా, ముల్లు వచ్చి అరిటాకు మీద పడినా చిరిగేది అరిటాకే అంటారు పెద్దలు. ఆడపిల్లకు జాగ్రత్త చెప్పడానికి మన ఇళ్లలో తరచు వాడే సామెత ఇది. పక్కనే కూర్చుని విన్న మగపిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? జాగ్రత్తపడవలసింది తాను కాదని. లైంగిక హింసకు ఇలాంటి నమ్మకాలే ఊతమిస్తాయి. కనుక యువతీయువకుల మనసులో ఏ నమ్మకాలున్నాయో తెలుసుకోవడం నివారణకు మొదటి మెట్టు.

మొదటిది దుస్తుల గురించినది. "అలాంటి బట్టలు వేసుకుంటే అలాగే జరుగుతుంది" అనే మాట బెంగళూరులోనూ, మన ఊళ్లలోనూ వినిపిస్తుంది. 2003లో బెంగళూరులో సృష్టి కళాశాల విద్యార్థినిగా ఉన్న జస్మీన్ పథేజా 'బ్లాంక్ నాయిజ్' అనే కార్యక్రమం ప్రారంభించారు. వేధింపు ఎదురైన రోజున తాము ధరించిన దుస్తులను పంపమని ఆ బృందం తరువాతి కాలంలో స్త్రీలను కోరింది. అలా చేరిన వాటిలో రోజూ కట్టుకునే మామూలు బట్టలెన్నో ఉన్నాయి. తప్పు బట్టలది కాదని చెప్పడానికి వేరే ఉపన్యాసం అక్కరలేకపోయింది.

రెండవది, మౌనం అర్ధాంగీకారం అనే నమ్మకం. వద్దన్న నాయిక వెంట పదేపదే పడి, చివరకు ఆమెను గెలుచుకునే నాయకుణ్ణి మన సినిమాలు ఎన్నోసార్లు చూపించాయి. కాని తీవ్రమైన భయంలో మనిషికి నోరు పెగలదు, కాళ్లూ చేతులూ ఆడవు. అందుకే 2013లో సవరించిన చట్టం, ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకున్నట్లేనని అనుకోరాదని స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ కూడా అదే చెబుతోంది.

మూడవది, ప్రమాదం కొత్తవాళ్ల నుంచే వస్తుందనే నమ్మకం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2015లో నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి 95 కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. కొత్తవాళ్ల గురించి మాత్రమే హెచ్చరిస్తే, తెలిసినవాడు తప్పుచేసినప్పుడు ఎవరికి చెప్పుకోవాలో బిడ్డకు తోచదు.

మరి ఏం చెయ్యాలి? తిట్టినంత మాత్రాన నమ్మకం పోదు. లోపలికి పోయి దాక్కుంటుంది. ముందు దాన్ని బయటికి రప్పించాలి. తరగతిలో ఉపాధ్యాయులు "ఆడపిల్ల కాదంటే అవుననే అర్థం" వంటి వాక్యాన్ని బల్లమీద రాసి, ఒప్పుకుంటారో లేదో పేరు లేకుండా చీటీమీద రాయమనవచ్చు. తరువాత చీటీలు చదివి, ఎందుకలా అనుకుంటున్నారో అడగవచ్చు. తోటివాళ్లందరికీ ఇష్టమేననుకుని వెకిలి మాటలకు నవ్వే కుర్రాళ్లు చాలామంది. తనలాగే మిగతావాళ్లకూ అవి నచ్చడం లేదని తెలిస్తే, ఒకడికైనా "వద్దురా" అనే ధైర్యం వస్తుంది. బెంగళూరులో 2001లో ఏర్పడిన ఎన్‌ఫోల్డ్ సంస్థ పాఠశాల పిల్లలతో ఇలాంటి విషయాలను మాట్లాడిస్తూ వస్తోంది.

తల్లిదండ్రులు చేయగలిగినదీ ఉంది. కూతురికి చెప్పే జాగ్రత్తలో సగం కొడుక్కి చెప్పండి. బిడ్డ వచ్చి ఏదైనా చెబితే "నువ్వెందుకు వెళ్లావు" అని మొదలుపెట్టకండి. ముందు నమ్మండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉందని ఇంట్లో అందరికీ తెలియనివ్వండి.