మందను నిలబెట్టేది ఉచిత గొర్రె కాదు

గుడివాడ, మచిలీపట్నం వైపు కాపరుల దగ్గర ప్రభుత్వ పథకం మాటెత్తితే ముందు వచ్చే ప్రశ్న ‘గొర్రెలెప్పుడిస్తారు’ అనే. 2017 జూన్‌లో తెలంగాణ 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో పంచడం మొదలుపెట్టింది. వాటి కొనుగోళ్లు ఆంధ్ర జిల్లాల దాకా వచ్చాయి కాబట్టి ఆ ఆశ సహజమే. జాతీయ పశుసంపద మిషన్ కింద 50 లక్షల దాకా రాయితీ అన్న వార్త దాన్ని ఇంకా పెంచింది. నిజానికి ఆ పథకంలో అతి చిన్న యూనిట్టే 100 గొర్రెలు, 5 పొట్టేళ్లు. దానికి రాయితీ ఖర్చులో సగం, 10 లక్షలకు మించదు. అదీ రెండు విడతల్లో వస్తుంది. మిగతా సగం సొంతంగానో, బ్యాంకు అప్పుగానో తెచ్చుకోవాలి. నలభై జీవాలను కాలవ గట్టున మేపుకునే మనిషికి అది అందేది కాదు. అతనికి అందేవి వేరే ఉన్నాయి: నట్టల మందు, టీకా, బీమా. పథకమంటే పంపిణీయే అనుకోవడం వల్ల అవి చేజారిపోతున్నాయి.

డెల్టాలో మంద తరిగిపోవడానికి పెద్ద కారణం జబ్బులు. కోతలయ్యాక చేలల్లో మినుము ఉంటుంది, అది తీసేదాకా జీవాలకు గట్లే దిక్కు. చేపల చెరువులు ఆ మేతనూ తగ్గించాయి. నీరు నిలిచే ఆ పల్లపు గడ్డిలోనే నత్తలుంటాయి, కార్జపు జలగ పిల్లలు వాటిలోనే పెరుగుతాయి. రోగం ముదిరిన గొర్రె కనురెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. కొత్త గొర్రెలు ఇచ్చినా ఈ గట్ల మీదే మేయాలి కదా! వేళకు నట్టల మందు పోయించకపోతే వాటికీ ఇదే గతి.

టీకా వేస్తే చూడి గొర్రె ఈసుకుపోతుందన్న భయం మరో అపోహ. టీకా వేళ ఈసుకుపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది జీవాన్ని తరిమి, పట్టి, పడేసే మోటుతనం. చిటుక రోగం టీకా ఈనడానికి నెల ముందు వేస్తే తల్లి జున్నుపాల ద్వారా పిల్లకూ రక్షణ అందుతుంది. రోగం వచ్చాక చూసుకుందామనుకుంటే ఈ జబ్బులో కుదరదు. తొలకరి లేత గడ్డి కడుపారా మేసిన పుష్టిగల జీవమే ముందు పోతుంది, వైద్యానికి వ్యవధి ఉండదు. పీపీఆర్ అనే పారుడు రోగానికీ ముందు జాగ్రత్తే మార్గం. దాని టీకా ఖర్చు ప్రభుత్వానిదే.

వరదొస్తే ప్రభుత్వం ఇస్తుంది కదా, బీమా ఎందుకంటారు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా దిగిన నీటిని చూసిన లంకల్లో ఈ ధీమా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కానీ విపత్తు సాయానికి 2022–26 కేంద్ర నిబంధనల ప్రకారం గొర్రెకు 4,000 రూపాయలు, కుటుంబానికి 30 జీవాల వరకే. ఆ సొమ్ముకు సంతలో ఈడొచ్చిన గొర్రె రాదు. రోగంతో చచ్చిన జీవం ఆ లెక్కలోకే రాదు. అలాంటప్పుడు ఆదుకునేది బీమాయే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆ బీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది, 50 జీవాల పరిమితిని 100కు పెంచింది.

బీమాకు గుర్తుగా వేసిన చెవి పోగు రాలిపోతుంది, మంద ఊళ్లు తిరుగుతుంది, పరిహారం చేతికి రాదు అని కాపరులు అనేది ఉత్త సాకు కాదు. సమాచారం, పాలసీ, క్లెయిము పత్రం, పోస్టుమార్టం నివేదిక అందితే 15 రోజుల్లో చెల్లించాలన్నది నిబంధన. చిక్కంతా నివేదికలోనే. ఈ ఎండకు కళేబరం ఆగదు, డాక్టరు వచ్చేలోపు పూడ్చేస్తారు. పూడ్చకముందే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయడం, పోగు రాలిన రోజే మళ్లీ వేయించుకోవడం కాపరి పని. మంద ఏ మండలంలో ఉంటే ఆ మండలం పశువైద్యుడి నివేదికను పేచీ లేకుండా ఒప్పుకోవడం, వలస మందలున్న చోటికి సిబ్బందిని పంపడం పశుసంవర్ధక శాఖ, బీమా కంపెనీ చేయాల్సినవి. కాపరులు సంఘంగా అడగాల్సింది వీటినే.