దుర్గం చెరువూ, మన బాల్కనీ గొట్టమూ



సాయంకాలమయ్యేసరికి ఎక్కడికైనా తీసుకెళ్ళమని పిల్లలు ప్రాణం తీస్తారు. మాదాపూర్, రాయదుర్గం వైపు ఉండే మనకి అద్దాల మేడలకు కొదవ లేదుగానీ, కాసేపు చల్లగాలికి కూర్చునే చోటుకే కరువు. అందుకే దుర్గం చెరువు పార్కు మనకు దగ్గర్లో ఉండటం అదృష్టమే అంటాను. నడవటానికి బాట, సైకిలు తొక్కేవాళ్ళకు దారి, పిల్లలకు ఆటస్థలం, కూర్చోటానికి బెంచీలు, పడవ షికారు, అన్నీ ఉన్నాయి. చీకటి పడ్డాక తీగల వంతెన దీపాలు నీళ్ళలో మెరుస్తుంటే పిల్లల్ని ఇంటికి కదిలించటం బ్రహ్మప్రళయమే!

ఆ వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు. దాని గురించి అందరూ చెప్తారు. కింద ఉన్న చెరువు సంగతే ఎవరూ ఎత్తరు.

దుర్గం అంటే కోట కదా. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండకు తాగునీరు ఈ చెరువునుంచే వెళ్ళేది. అవునండీ, తాగేందుకే! చుట్టూ రాతి గుట్టలుండి, దగ్గరకు వచ్చేదాకా కనబడదు గనుక దీనికి 'సీక్రెట్ లేక్' అన్న పేరూ వచ్చింది. ఆ రాళ్ళు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. నగర వారసత్వ జాబితాలో చేర్చిన రాళ్ళలో శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కులాంటి రాయితోపాటు ఈ చెరువు చుట్టూ ఉన్న గుట్టలూ ఉన్నాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతమంతా ఇళ్ళూ ఆఫీసులూ లేచాయి. దాంతో చెరువులోకి చేరే నీరూ మారిపోయింది.

ఇక్కడే మన ఇంటి సంగతి వస్తుంది. చెరువంటే పల్లంలో కట్ట వేసి నిలిపిన వాననీరే. ఎగువన పడ్డ చినుకు ఒకప్పుడు వాగుల్లో వచ్చేది, ఇప్పుడు వాననీటి కాలవల్లో వస్తుంది. ఆ కాలవలో మురుగూ, సబ్బునీళ్ళూ కలిస్తే అవీ చెరువులోకే. కొన్ని సబ్బుపొడుల్లో ఉండే ఫాస్ఫేటు, మురుగులో ఉండే నత్రజని మొక్కలకు ఎరువే. దక్షిణ అమెరికానుంచి మన దేశానికొచ్చిన గుర్రపుడెక్క ఆ ఎరువు తిని, రెండు మూడు వారాల్లో రెట్టింపవుతుంది. నీటిమీద ఆకులు కమ్మేస్తే లోపల గాలీ వెలుతురూ ఉండవు. చేపలకు ఊపిరాడదు, దోమలకు పండగ. యంత్రాలు పెట్టి ఎత్తించారు, మురుగు శుద్ధిచేసే కేంద్రం కట్టారు. కానీ మురుగు గొట్టంలో పడ్డ నీరే కదా తిన్నగా శుద్ధికి వెళ్ళేది!

నేనేదో సుద్దులు చెబుతున్నాననుకోకండి. మా ఫ్లాటులో బట్టలుతికే మెషీను బాల్కనీలో పెట్టుకుని, దాని గొట్టాన్ని నేలమీదున్న కన్నంలోకి వదిలేశాం. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఆ కన్నం వాననీటికోసం పెట్టిందన్న ఆలోచనే నాకు రాలేదు. ఒకరోజు పార్కులో కాలవ మూతి దగ్గర తెల్లని నురగ చూసి మనసులో కలుక్కుమంది. ఇంటికొచ్చి బకెట్టు నీళ్ళలో నీలిమందు కలిపి ఆ కన్నంలో పోశాను. మావారు కిందికి వెళ్ళి చూస్తే, నీలం నీళ్ళు మురుగు గుంటలోకి కాదు, గేటు పక్క వాన కాలవలోకి పోతున్నాయి! "బాగానే ఉంది నీ పరిశోధన" అని ఆయన నవ్వారుగానీ, నాకు నవ్వు రాలేదు.

ప్లంబరు ఒక పూటలో ఆ గొట్టాన్ని మురుగు గొట్టానికి కలిపేశాడు. అసోసియేషను మీటింగులో చెబితే ఒకాయన, "మీ ఒక్క ఇంటి సబ్బునీళ్ళతోనే చెరువు పాడైందా అమ్మా?" అన్నారు. పై అంతస్తు వదినగారు ఊరుకోలేదు. "మన బాల్కనీలన్నీ ఒకే గొట్టానికి కలుస్తాయండీ, ఒక్క ఇల్లంటారేమిటి?" అని అడిగేశారు. మర్నాడే మరో ఎనిమిది ఇళ్ళవాళ్ళు నీలిమందు అడిగి పట్టుకెళ్ళారు.

మీరూ చూడండి. పైనుంచి పోయటానికి ఒకరు, కింద చూడటానికి ఒకరు కావాలి. వంటింటి తొట్టె నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా అలాగే తెలుస్తుంది. వాన లేని రోజు చూసి చెయ్యండి, వానలో రంగు కనబడదు.